డైవింగ్ వాచీకి దసరా బొట్టు

మా ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌కి కూడా క్యాలిబ్రేషన్ స్టిక్కర్ ఉంటుంది. ఎప్పుడు పరీక్షించారో, మళ్ళీ ఎప్పుడు పరీక్షించాలో రాసి, కింద మా ఆయన పొట్టి సంతకం. బరువు తూచుకునే మిషన్‌కి ఒకటి, మా అత్తమ్మ బీపీ మిషన్‌కి ఒకటి, థర్మామీటర్ డబ్బాకి ఒకటి. ఆయన ఉప్పల్ దగ్గర ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో ప్రెషర్ గేజీలు పరీక్షించే అధికారి. ఎక్కడెక్కడి ఫ్యాక్టరీల గేజీలూ ఆయన బల్ల మీదికి వస్తాయి. దొంగతనం కేసులో పట్టుబడ్డవాళ్ళని చూసినట్టు ఆయన వాటిని చూస్తారు. అన్ని పరీక్షలూ నెగ్గితే స్టిక్కర్ అంటించి పంపిస్తారు. స్టిక్కర్ లేని వస్తువు ఏం చెప్పినా ఆయన నమ్మరు, ఉన్నది ఏం చెప్పినా నమ్ముతారు. నాకు స్టిక్కర్ లేదు.

నేను బడిలో లెక్కలు చెప్తాను. మోకాళ్ళ నొప్పులకి ఈత మంచిదని డాక్టర్ అంటే నాచారంలో ఒక స్విమ్మింగ్ పూల్‌లో ఆడవాళ్ళ బ్యాచ్‌లో చేరాను. మోకాళ్ళ సంగతేమో గానీ, తల నీళ్ళలో పెడితే ఎవరి గొంతూ వినపడదు. ఇరవై ఐదేళ్ళుగా తొమ్మిదో తరగతి గోల విన్నదాన్ని, నాకు అంతకంటే ఏం కావాలి! కొన్నాళ్ళకి అదే పూల్‌లో ఒక మాస్టర్ సిలిండర్ కట్టుకుని నీళ్ళ కింద ఊపిరి తీసుకోవడం నేర్పడం మొదలుపెట్టారు. అంబర్‌పేటాయన, నేవీలో డైవర్‌గా చేసి వచ్చారు. పూల్‌లో నేర్చుకున్నవాళ్ళని విశాఖ తీసుకెళ్ళి సముద్రంలో దింపుతారట. ఆ మాట విన్న రోజు నుంచి నాకు సముద్రం అడుగు చూడాలన్న పిచ్చి పట్టుకుంది. యాభైకి దగ్గరపడ్డాక పట్టిన పిచ్చి తొందరగా వదలదు.

ఇంట్లో చెప్పాను. "సముద్రం అడుగుల ఏమున్నదే?" అంది మా అత్తమ్మ.

"చాపలుంటయి అత్తమ్మా."

"చాపలు అంబర్‌పేట మార్కెట్ల గూడ ఉన్నయి గదా."

మా ఆయన మాత్రం రెండు రోజులు పొద్దునా సాయంత్రం ఏదో ఆలోచిస్తూ తిరిగి, మూడో రోజు అన్నం తింటూ చెప్పారు: "నేను గూడ వస్త. నువ్వు ఒక్కదానివే నీళ్ళల్లకు వోతే ఒడ్డు మీద కూసోని నేనేం జెయ్యాలె, గోళ్ళు కొరుక్కోవాల్నా?" ఇది ప్రేమ అని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నా మీద తనిఖీకి వస్తున్నారనుకుని మండిపడ్డాను. ఆయనకి ఈత వచ్చు, కానీ అది చిన్నప్పుడు బావిలో మునగకుండా ఉండటానికి నేర్చుకున్న ఈత. తల పైనే ఉంటుంది, మొహంలో భయమూ పైనే ఉంటుంది.

మొదటి రోజే మాస్టర్ నీళ్ళ బయట నిలబెట్టి చెప్పారు. "కింద ఊపిరి బిగవట్టొద్దు. పైకి మెల్లగ రావాలె, మీ నోట్లెకెల్లి వచ్చే చిన్న బుడగల కంటె మెల్లగ. ఇగ అన్నిటికంటె పెద్ద ముచ్చట. ఇద్దర్ల ఎవరు పైకి పోదామన్నా ఇద్దరు పోవాలె. ఎందుకని అడుగొద్దు."

"అడుగకుంటె ఎట్ల? కారణం తెలువాలె గదా?" అన్నారు మా ఆయన.

"పైకొచ్చినంక ఎంతసేపన్న అడుగున్రి సార్. కింద అడుగుడు లేదు."

ఇరవై ఏడేళ్ళ కాపురంలో నాకు ఇంత అనుకూలమైన చట్టం ఎవరూ చేసి పెట్టలేదు. ఇంకోసారి చెప్పమని మాస్టర్‌ని అడిగాను.

మా ఆయన ఆ నెలంతా ఫోన్‌లో చదివి చదివి ఒక డైవింగ్ వాచీ కొన్నారు. చేతికి పెట్టుకునే చిన్న కంప్యూటర్ అది. ఎంత లోతులో ఉన్నామో చెప్తుంది, ఆ లోతులో ఇంకా ఎంతసేపు ఉండొచ్చో లెక్క కడుతుంది, తొందరపడి పైకొస్తే కీచుమంటుంది. లోతుకి పోయే కొద్దీ మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో చేరుతుందట. గబుక్కున పైకొస్తే సోడా సీసా మూత తీసినట్టే నెత్తుటిలో బుడగలు లేస్తాయట. అందుకే ఎవరి వాచీ వాళ్ళకే, ఒకరి చేతిది తీసి ఇంకొకరు పెట్టుకోకూడదని మాస్టర్ గట్టిగా చెప్పారు. మరి నాకేదీ అంటే, "మొదటిది నిలవడ్డంక రెండోది కొందం" అన్నారు మా ఆయన. అప్పటిదాకా మాస్టర్ దగ్గరున్న పాత ముల్లు గేజీ నాకు ఇచ్చారు. గుండ్రటి బిళ్ళ, దాంట్లో ఒక ముల్లు, అంతే. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచారు. స్టిక్కర్ లేదు.

వాచీ వచ్చిన మర్నాడే దానికి పరీక్ష పెట్టారు. పూల్‌లో లోతు వైపు గట్టు మీద బోర్లా పడుకుని, వాచీకి ఒక ఇనుప దిమ్మ కట్టి, స్టీల్ టేపుతో కొలుస్తూ నీళ్ళలోకి దింపారు. ఆడవాళ్ళ బ్యాచ్ మొత్తం ఈత మానేసి చుట్టూ చేరింది. టేపు మూడు మీటర్లు అంటోంది, వాచీ రెండు పాయింట్ తొమ్మిది అంటోంది. మళ్ళీ దింపారు, మళ్ళీ అదే. ఆయన మొహం చూస్తే పెళ్ళిచూపుల్లో పిల్లకి మెల్లకన్ను కనిపెట్టినవాడిలా ఉంది. "పాపం గింతే గదా అన్నా, పది సెంటీమీటర్లు" అంది ఒకావిడ. ఆయన ఆమె వైపు చూసిన చూపుకి ఆవిడ మళ్ళీ మునిగింది.

ఇంటికొచ్చి వాచీతో వచ్చిన పుస్తకం మొత్తం చదివి కారణం ఆయనే పట్టుకున్నారు. వాచీ ఉప్పునీళ్ళ సెట్టింగ్‌లో ఉంది. ఉప్పునీళ్ళు బరువెక్కువ, మంచినీళ్ళు తక్కువ, తేడా అక్కడొచ్చింది. సెట్టింగ్ మార్చి మర్నాడు దింపితే సరిగ్గా మూడు మీటర్లు. పట్టీ మీద పట్టేలా స్టిక్కర్‌ని కత్తెరతో సన్నగా కత్తిరించి అంటించారు. ఆ రాత్రి భోజనం దగ్గర ఆయన నవ్విన నవ్వు నేను మా పెళ్ళి ఫోటోల్లో కూడా చూడలేదు.

అదే వారం ఇంకో గొడవ. సాయంత్రం క్లాసు అయ్యాక ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర అవతలి వైపు పూలు కొనాలి. రోడ్డు మీదుగా దాటించే స్కైవాక్ మెట్ల దగ్గర ఆయన ఆగిపోయారు. వాచీ మీద విమానం బొమ్మ వచ్చింది, దాని మీద అడ్డగీత. డైవ్ చేశాక కొన్ని గంటలు విమానం ఎక్కకూడదు, ఎత్తుకి పోకూడదు అని దాని అర్థం.

"గిది స్కైవాక్ అండి. విమానం గాదు."

"ఎత్తే గదా?" అన్నారాయన.

నేనొక్కదాన్నే ఎక్కి పూలు కొనుక్కుని వచ్చాను. కథ అక్కడ అయిపోతే బాగుండేది. మేముండేది ఐదో అంతస్తు. అపార్ట్‌మెంట్‌కి వచ్చాక ఆయన లిఫ్ట్ దగ్గరికి రాకుండా సెల్లార్‌లో వాచ్‌మన్ కుర్చీలో కూర్చున్నారు. వచ్చిపోయేవాళ్ళంతా తాళం పోయిందా సార్, మేడమ్‌తో లొల్లి అయిందా సార్ అని అడుగుతున్నారు. నేను మాస్టర్‌కి ఫోన్ కలిపి ఆయన చెవికి ఆనించాను. "సార్, బంగ్లా ఎక్కుడు ఎత్తు గాదు, కొండలు గుట్టలు ఎక్కుడు ఎత్తు. గా వాచీ మీరు బకెట్ల చెయ్యి వెట్టినా జాగ్రత్త జెప్తది. ఫికర్ చెయ్యకున్రి, ఇంటికి వోయి అన్నం తినున్రి" అన్నారు మాస్టర్. ఆయన పైకి వచ్చారు, కానీ మెట్ల మీద నుంచి, మెల్లగా, బుడగల కంటే మెల్లగా.

ఇంతలో దసరా వచ్చింది. ఆయన ప్రయోగశాలలో కూడా ఆయుధపూజ చేస్తారు. కానీ అక్కడ గేజీలకి బొట్టు పెట్టనివ్వరు. బయటి పెట్టెకి మాత్రమే, అదీ ఆయన సుద్దముక్కతో గుండ్రంగా గీసిన చోట. పరికరం మీద వేలిముద్ర పడితేనే కింది ఉద్యోగికి మెమో ఇచ్చే మనిషి. ఇంట్లో అయితే అత్తమ్మదే రాజ్యం. స్కూటర్, మిక్సీ, కుక్కర్, బీపీ మిషన్, నా బడి స్కేలు, అన్నిటికీ గంధం, కుంకుమ. ఆ ఏడాది పీట మీద డైవింగ్ వాచీని ఆయనే తెచ్చి పెట్టారు. విశాఖ ప్రయాణం దగ్గరపడింది కదా, మనిషికి లోపల ఎక్కడో పీకుతోంది.

"అమ్మా, అద్దం మీద వెట్టకు. అంకెలు కనవడాలె."

"అద్దం మీద వెట్టను తియ్ బిడ్డా" అంది అత్తమ్మ. ఆమె మాటంటే మాటే. అద్దం మీద పెట్టలేదు.

ప్రయాణం ముందు రోజు వంటింట్లో ఆమె నన్ను పట్టుకుంది. "ఓపెన్ వాటర్ అంటున్నరు, గదేంది? మన నాచారం చెర్వు లెక్క ఉంటదా?"

"చెర్వుల గుర్రపుడెక్క తప్ప నీళ్ళేడున్నయి అత్తమ్మా. గోడలు లేని నీళ్ళన్నట్టు."

"నా కొడుకును ఎట్ల తోల్కవోతున్నవో గట్లనే తోల్కరావాలె" అంది.

నాకు కోపం వచ్చింది. మరి నన్నెవరు తోలుకొస్తారు? ఆయన వాచీకి గంధం, కుంకుమ, హారతి. నా ముల్లు గేజీ సంచిలోనే ఉంది, దాన్ని అడిగిన నాథుడు లేడు. కానీ ఆ రాత్రి రైల్లో పై బెర్త్ మీద ఆయన గురక వింటుంటే కోపం పోయి భయం వేసింది. ఈ పిచ్చి నాది. ఈత సరిగా రాని మనిషి నా వెనక బయలుదేరాడు. ఈయనకి ఏమైనా అయితే ఆ ముసలామె ముందు నేను ఏ మొహంతో నిలబడాలి? అసలు ఆయన లేకుండా నేనెక్కడ నిలబడాలి?

విశాఖలో పడవ ఎక్కాక మాస్టర్ అడిగారు: "సార్, వాచీ చెక్ జేసిన్రా?"

"ఉప్పునీళ్ళకు మార్చిన" అన్నారాయన, పట్టీ చూపిస్తూ. "సూడున్రి, ఇంక గడువు ఉన్నది."

"స్టిక్కర్ గాదు సార్, వాచీ. దిగినంక ముగ్గురం ఒక్కపారి అంకెలు కలిపి సూసుకుందం."

కానీ దిగాక నా కళ్ళద్దాల్లోకి నీళ్ళు వచ్చి, అవి సర్దుకునే హడావిడిలో ఆ కలిపి చూసుకోవడం తాడు దగ్గర, మూడున్నర మీటర్ల లోతులో ఒక్క క్షణంలో అయిపోయింది. అప్పుడు ముగ్గురివీ ఇంచుమించు ఒకటే చెప్పాయి. పన్నెండు మీటర్లు దాటొద్దని మాస్టర్ సైగ చేసి ముందు కదిలారు. వెనక మేమిద్దరం.

సముద్రం అడుగు గురించి ఏం చెప్పను! ఆకుపచ్చ వెలుతురు, రాళ్ళ మధ్య పసుపు చారల చేపలు బడి వదిలాక పిల్లల్లా గుంపులు గుంపులుగా, గోల మాత్రం లేకుండా. నాకు కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. పక్కన మా ఆయన చేపల్ని చూడట్లేదు, వాచీని చూస్తున్నారు. చూస్తూ చూస్తూ హాయిగా కిందికి జారుతున్నారు. ఆయన వెనకే నేనూ.

నా ముల్లు తొమ్మిది దగ్గరుంది. ఆయన వాచీలోకి తొంగి చూశాను. నాలుగు. ఇక్కడ ఒక నిజం చెప్పాలి, నేను నా గేజీనే అనుమానించాను. స్టిక్కర్ లేనిది కదా, పాతది కదా, ముల్లు ఎక్కడో తట్టుకుని ఉంటుంది అనుకున్నాను. ఆ ఇంట్లో అన్నేళ్ళు కాపురం చేస్తే ఎవరికైనా అదే అలవాటవుతుంది. కానీ చెవులు మూసుకుపోతున్నాయి, మాటిమాటికీ ముక్కు పట్టుకుని ఊదాల్సి వస్తోంది. పూల్‌లో ఇంత ఎప్పుడూ లేదు. పైగా నా చేతికి ఒక ఎర్ర మట్టిగాజు ఉంది, ఒట్టి చేతులతో నీళ్ళలో దిగొద్దని అత్తమ్మ తీయనివ్వనిది. అది చూస్తే నల్లగా ఉంది. లోతుకి పోతే ముందు పోయేది ఎర్ర రంగేనని మాస్టర్ క్లాసులో చెప్పారు. నాలుగు మీటర్లలో గాజు ఇంత నల్లబడదు. ముల్లు పన్నెండు దాటింది, ఆయన ఇంకా జారుతూనే ఉన్నారు.

ఆయన భుజం పట్టుకుని ఆపి, నా గేజీ చూపించాను. ఆయన తన వాచీ చూపించారు. నేను మళ్ళీ నాది చూపించాను. అప్పుడాయన, సముద్రం అడుగున, చుట్టూ చేపలు చూస్తుండగా, వేలితో తన వాచీ పట్టీ మీది స్టిక్కర్‌ని టపటపా తట్టి చూపించారు.

నేను బొటనవేలు పైకెత్తాను. నీళ్ళ కింద దానికి ఒకటే అర్థం, పైకి. ఆయన చెయ్యి చాపి అరచేయి గిర్రున తిప్పారు. అంటే, ఏందీ, ఎందుకూ? ఇంట్లో గ్యాస్ అయిపోయిందని చెప్పినా అలాగే తిప్పుతారు. కింద అడుగుడు లేదు అని నోటితో చెప్పే వీలు లేదు. వెనక బెంచీ మీద మాట్లాడేవాణ్ణి చూసే చూపు ఒకటి నా దగ్గర ఉంది, అది చూశాను. వాచీ ఉన్న చేతినే మణికట్టు దగ్గర పట్టుకుని పైకి బయలుదేరాను. ఒక్కసారిగా లాక్కుపోవాలని ప్రాణం కొట్టుకుంటోంది, కానీ కళ్ళు బుడగల మీదే పెట్టి, వాటిని ముందు పోనిచ్చి, వాటి వెనక మెల్లగా. మాస్టర్ చూసి గబగబా వచ్చేశారు. ఐదు మీటర్ల దగ్గర తాడు పట్టుకుని మూడు నిమిషాలు ఆగమని సైగ చేశారు.

అక్కడ తాడు పట్టుకుని వేలాడుతూ మా ఆయన వాచీ చూసుకున్నారు. నాలుగు. తల వంచి, మేము వచ్చిన కింది చీకటి వైపు చూశారు. అక్కడా నాలుగే అంది. మళ్ళీ వాచీ చూశారు. అద్దాల వెనక ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. రెండు చోట్ల ఒకే అంకె చెప్పే గేజీని ఆయన తన బల్ల మీద ఒక్క క్షణం ఉండనివ్వరు. అప్పటిదాకా ఆయన చెయ్యి నేను పట్టుకున్నాను. అప్పటి నుంచి నా చెయ్యి ఆయన పట్టుకున్నారు, గాజు చిట్లేంత గట్టిగా.

పడవలోకి వచ్చాక మాస్టర్ వాచీని వెనక్కి తిప్పారు. నీళ్ళ ఒత్తిడి లోపలికి తెలిసేందుకు వెనక నాలుగు సన్నటి రంధ్రాలుంటాయి. నాలుగూ ఎర్రగా, సిమెంటు పోసినట్టు మూసుకుపోయి ఉన్నాయి. మాస్టర్ పుల్లతో గీకి వాసన చూశారు. "గంధం సార్. కుంకుమ గూడ ఉన్నది. దిగినంక నీళ్ళకు నాని, ఉబ్బి మొత్తం మూసుకున్నది." ఇంకో మాట కూడా అన్నారు, నవ్వకుండా. "మేడమ్ పట్టుకురాకపోతె, గిది నాలుగు నాలుగు అనుకుంటనే మిమ్ముల ఎక్కడికి తోల్కవోతుండెనో."

నాకు ఏడుపు వచ్చింది. ఏడవడం చేతకాక తిట్టాను. స్టిక్కర్‌నీ, ప్రయోగశాలనీ, స్కైవాక్ ఎక్కనోడు సముద్రంలో మాత్రం కళ్ళు మూసుకుని ఎలా దిగాడనీ, ఒడ్డు వచ్చేదాకా తిట్టాను. ఆ రోజు ఇంక దిగలేదు. రైలెక్కే ముందు ఆయన వాచీని మంచినీళ్ళలో నానబెట్టి, రంధ్రాలు శుభ్రం చేసి, స్టిక్కర్ గోటితో గీకి తీసేశారు.

తిరుగు ప్రయాణమంతా ఆయన అత్తమ్మకి చెప్పాల్సింది సిద్ధం చేసుకున్నారు. రంధ్రం అంటే ఏమిటి, సెన్సర్ అంటే ఏమిటి, అది మూసుకుపోతే మనిషి ప్రాణం ఎలా పోతుంది. రెండుసార్లు నాకు అప్పజెప్పారు కూడా. ప్రయోగశాలలో అయితే ఇది మెమో కాదు, సస్పెన్షన్ అన్నారు.

తలుపు తీయగానే అత్తమ్మ కొడుకుని పైనుంచి కిందిదాకా చూసింది. ఆ తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని వాచీ విప్పి వెనక్కి తిప్పింది.

"అయ్యో, పోయిందా? నీళ్ళల్ల కడుక్కపోతదని సన్న పుల్లతోని రంధ్రాలల్లకు ఒత్తి ఒత్తి వెట్టిన బిడ్డా. అద్దం మీద వద్దంటివి గదా." ఆమె కళ్ళు పైకెత్తింది. "పని జేసిందా?"

ఆయన నోరు తెరిచారు. రైల్లో అప్పజెప్పినదంతా నాలుక చివర ఉంది, నాకు తెలుసు. ఆమె కొంగుతో వాచీ వెనక తుడుస్తూ ఆయన మొహమే చూస్తోంది.

"జేసింది అమ్మా" అన్నారు.

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన ఇచ్చిన మొదటి తప్పుడు సర్టిఫికెట్ అది. అయినా ఆయన ఆయనే కదా, జాగ్రత్త కూడా చెప్పారు. "గని మల్లసారి వాచీకి వద్దు అమ్మా. మనిషికి వెట్టు. దిగేది మనిషే గదా."

"గది గూడ నిజమే" అని అత్తమ్మ దేవుడి గదిలోకి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. కొడుకు కదా, ఆయన తల వంచి నిలబడ్డారు. ఆమె ఆయన్ని దాటుకుని నా దగ్గరికి వచ్చింది.

"చెప్పినట్టే తోల్కొచ్చినవ్" అంది.

సముద్రపు ఉప్పు ఇంకా చిరచిరలాడుతున్న నా నుదుటి మీద బొటనవేలు ఆనించి, నీళ్ళలో కడుక్కుపోకుండా, ఒత్తి ఒత్తి పెట్టింది.